మాది కాదన్న పశువు

దగ్గరికి రండి. ఇంకా దగ్గరికి. నేను నోరు కదపడం లేదు, లోపల్లోపలే చెప్పుకుంటున్నాను, చెవి నా రొమ్ముకు ఆనించినట్టు కూర్చుంటే తప్ప మీకు వినబడదు. పక్కన స్టూలు మీద నా కొడుకు భాస్కరరావు ఉన్నాడు, వాడికి మాత్రం ఇది వినబడకూడదు. పలాస ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేసే గది ఇది. ఎడమ చేతికి సూదులు గుచ్చారు, ఒక గొట్టంలోంచి నా రక్తం పోతోంది, ఇంకో గొట్టంలోంచి వస్తోంది, పోయిందీ వచ్చిందీ ఒకటేనని మిషను మాట మీద నమ్మాలి. మా ఉద్దానంలో ఈ కిడ్నీల జబ్బు కొత్త సంగతి కాదు, ఈ మంచాల మీద ఉన్నవాళ్ళలో సగం మంది నాకు చుట్టాలు, మిగతా సగం ఆ చుట్టాలకు చుట్టాలు. కదలకూడదు. కదిలితే మిషను కూత పెడుతుంది, నర్సు కృష్ణవేణి పరుగెత్తుకొచ్చి "ఓలమ్మ, నీకు కుదురు నేదేటి మామ్మా" అంటుంది. భాస్కరరావు చేతిలో నా ఫోను ఉంది. ఈ మధ్యాహ్నం అది మోగుతుందని చెప్పారు. ఎక్కడో మంచు కురిసే దేశంలో, పరాయివాళ్ళ యుద్ధంలో, అవతలి పక్షం చేతికి చిక్కిన నా మనవడు ఢిల్లీరావు మాట్లాడతాడు. రేపు వాణ్ణి విచారణకు నిలబెట్టి "నువ్వెవరివి" అని అడుగుతారట. వాడు చెప్పే జవాబును బట్టి వాడి బతుకు ఎటు తిరగాలో తేలుస్తారట. ఆ జవాబు ఏమిటో నేను చెప్పాలి. తండ్రి నంబరు వాడికి గుర్తులేదు, తల్లి నంబరూ లేదు, నా నంబరు ఒక్కటే నోటికి వచ్చు, చిన్నప్పటి నుంచీ నా ఫోనులో డబ్బులు వేయించేది వాడే గదా.

సైనికుణ్ణని చెప్పాలా, కూలివాణ్ణని చెప్పాలా. ఇంతే సంగతి. ఇంతమాత్రానికి మా ఇంట్లో పొయ్యి సరిగా వెలిగి ఎన్నాళ్ళయిందో. వాడు వెళ్ళింది కూలికే, అది అబద్ధం కాదు. తిత్లీ తుపాను గాలికి మా కొబ్బరిచెట్లు తల విరిగి పడ్డప్పుడు వాడు బడిపిల్లాడు, పడిపోయిన చెట్ల మీద కూర్చుని "మామ్మా, ఇవి మల్లీ కాసేసరికి నాకు మీసాలొస్తాయి" అన్నాడు. మీసాలు వచ్చాయి, చెట్లు రాలేదు. భాస్కరరావు బావమరిది నాగరాజు ఒకడు, ఓడల పనికీ వెల్డింగు పనికీ మనుషుల్ని పంపేవాడు, "మేనల్లుడికి నాను సెడుపు సేత్తానా బావా, గోడౌన్లో కాపలా, అంతే" అన్నాడు. అక్కడ దిగాక వాడికి అర్థంకాని అక్షరాల కాగితం ముందు పెట్టారు, సంతకం చేశాడు, ఆ తరువాత బట్టలిచ్చారు, బూట్లిచ్చారు, తుపాకీ ఇచ్చారు. ఏడుస్తూ ఫోను చేస్తాడనుకున్నాం. నవ్వుతూ చేశాడు. పిల్లాడు కదా, బూట్లు బాగున్నాయన్నాడు, ఆ బట్టల్లో ఫొటో కూడా పంపాడు. ఆ తరువాత చలికాలమంతా మాట లేదు. ఆ తరువాత ఎవరో చుట్టాల కుర్రాడు ఒక వీడియో తెచ్చి చూపించాడు, వరసగా మోకాళ్ళ మీద కూర్చోబెట్టిన మనుషులు, చివర మావాడు, కన్ను వాచి ఉంది, కెమెరా పట్టుకున్నవాడు నవ్వుతున్నాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంది, ఈ మిషను రొదలో కూడా.

పొద్దున్న ఆటోలో వస్తుంటే జీడిపప్పు బట్టీల పొగ కళ్ళలో పడింది, కొంగుతో తుడుచుకుంటుంటే భాస్కరరావు ఏడుస్తున్నాననుకున్నాడు. వాడి గొంతు మెత్తబడింది. "అమ్మా, సెప్పింది గుర్తున్నాదా? కూలికొచ్చేను, డబ్బులకోసం వచ్చేను, ఈ యుద్దంతో నాకేటీ సమ్మందం నేదు, అని సెప్పమను. సైనికుణ్ణంటే ఎవుడొగ్గుతాడే? సేతిలో పడ్డ సిపాయిని ఎవుడొగ్గుతాడు? కూలోడంటే జాలిపడి ఒగ్గుతారు." వాడి మాటలో కపటం లేదు. మా ఊళ్ళలో అంతకంటే శుభ్రమైన మాట లేదు మరి. ఎవరి కొడుకైనా కనబడకపోతే, ఎక్కడున్నాడంటే, పనికెళ్ళాడు అంటాం. ఆ మాట అన్నాక ఇంక ఎవరూ ఏమీ అడగరు. పోలీసులు ఆపినా, రైల్లో టీసీ పట్టుకున్నా, పనికెళ్తున్నాం బాబూ అంటే చాలు. దొంగకు శిక్ష, సిపాయికి చావు, కూలివాడికి జాలి. నా కొడుకు ఊరి లెక్క అది. ఆ లెక్క ఆ దేశంలో కూడా చెల్లుతుందని వాడి నమ్మకం.

చెల్లదని చెప్పింది మాధవీలత. టెక్కలిలో వకీలు, మా పుట్టింటి వైపు పిల్లే. పోయిన వారం ఇంటికి వచ్చి అరుగు మీద నా పక్కనే కూర్చుంది. "మామ్మగారూ, యుద్ధంలో పట్టుబడిన సైనికుడు నేరస్థుడు కాదండి. యుద్ధఖైదీ అంటారు. తుపాకీ పట్టినందుకు వాణ్ణి శిక్షించడానికి లేదు, కొట్టడానికి లేదు, నలుగురిలో బొమ్మలా చూపించడానికి లేదు, తిండి పెట్టాలి, ఉత్తరం రాయనివ్వాలి, యుద్ధం ఆగిపోతే ఇంటికి పంపెయ్యాలి. దేశాలన్నీ కలిసి రాసుకున్న చట్టం" అంది. నేను మరి ఇబ్బందేమిటి తల్లీ అన్నాను. ఆ పిల్ల నా వైపు జరిగి కూర్చుంది. "పరాయిదేశంవాడు, ఆ సైన్యంలో చేరకుండా, కేవలం డబ్బుకోసమే యుద్ధానికి వచ్చాడని తేలిందనుకోండి, వాణ్ణి కిరాయి సైనికుడంటారు. వాడికి ఇవేవీ దక్కకపోవచ్చు. మామూలు హంతకుణ్ణి చూసినట్టు చూసి, శిక్ష వెయ్యొచ్చు. మనవాడు వాళ్ళ సైన్యంలో చేరినవాడు, వాళ్ళ బట్టలు కట్టినవాడు, కాబట్టి కిరాయివాడు కాడు. అదే చెప్పాలి. పేరు, పుట్టిన తేదీ, హోదా, నంబరు. ఈ నాలుగూ చెప్తే చాలు, అయిదోది ఎవరూ బలవంతపెట్టి అడక్కూడదు. డబ్బు మాట మాత్రం నోట్లోంచి రాకూడదు." భాస్కరరావు గుమ్మంలో నిలబడి విని వెటకారంగా నవ్వాడు. "టెక్కలి కోర్టులో గట్టు తగువే మా తాత నాడు ఏసింది ఇంకా తెగనేదు. ఈవిడ మంచుదేశం కేసు తెంపుతాదట." ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు. చెప్పులు వేసుకుంటూ "మావా, మీరు జాలి అడుగుతున్నారు, నేను హక్కు అడగమంటున్నాను" అని వెళ్ళిపోయింది. ఆ రెండు మాటలకూ తేడా నాకు అప్పుడు అందలేదు. ఈ మంచం మీద పడుకున్నాక, ఇప్పుడు, అందుతోంది.

మోగింది. కాదు, మోగలేదు, వణికింది. భాస్కరరావు ఎగిరిపడి చెవికి పెట్టుకున్నాడు. ఎవరో ఆడపిల్ల గొంతు గబగబా లోను కావాలా అని అడుగుతోంది. "ఎట్టీయమ్మా, ఎట్టీ" అని వాడు ఫోను తొడ మీద పెట్టుకుని అరచేత్తో కప్పాడు, పిట్టను కప్పినట్టు. మళ్ళీ మిషను రొద. కిటికీ అవతల ఎండ తెల్లగా ఉంది. అక్కడ మంచు కూడా తెల్లగానే ఉంటుంది కాబోలు. రావివలసలో మా ఎండల మల్లన్న దేవుడికి పైకప్పు లేదు, ఎండలోనే ఉంటాడు, కప్పు వేస్తే ఒప్పుకోడంటారు. అక్కడ మా ఢిల్లీకి కప్పు ఉందో లేదో. తిండి ఏమిటో.

తిండి అంటే వాళ్ళ తాత గుర్తొస్తున్నాడు. నా పెనిమిటి వైకుంఠరావు సిపాయి. బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు నేను కొత్తకోడల్ని, ఆయన యుద్ధానికి వెళ్ళాడని రోజూ చస్తూ బతికాను, తీరా చూస్తే యుద్ధం అయిపోయాక ఉత్తరాదిన ఒక క్యాంపులో పట్టుబడ్డవాళ్ళకు కాపలా వేశారు. సెలవుకొచ్చినప్పుడు రాత్రీ పగలూ ఆ కబుర్లే. "మాకంటే ముందు ఆళ్ళకే వొండుతారే ధనమ్మా. మాలో కొందరికి కుళ్ళు. మాంసం ఎట్టీవోళ్ళు. ఉత్తరాలు రాసుకుందురు, బంతాడుకుందురు." నేను మూతి తిప్పి, మన మీదకు తుపాకీ ఎత్తినవాళ్ళకు మాంసమా, వాళ్ళు దొంగలు కారా, జైల్లో పెట్టక అన్నాను. చదువు నాకెంతో ఆయనకూ అంతే. "జైలు కాదే. అది బందెలదొడ్డి" అన్నాడు.

మీకు బందెలదొడ్డి తెలుసో తెలీదో. ఇప్పుడు లేవు. ఒకడి పశువు ఇంకొకడి చేలో పడితే, చేనుగలవాడు దాన్ని కొట్టి చంపకూడదు. తోలుకెళ్ళి దొడ్డిలో కట్టించాలి. చేను మేసింది నిజమే, నష్టం నిజమే, కానీ పశువుది తప్పు కాదు, దాన్ని వదిలినవాడిది. దొడ్డిలో ఉన్నంతకాలం గడ్డి వెయ్యాలి, నీళ్ళు పెట్టాలి. దాన్ని నాగలికి కట్టకూడదు. యజమాని వచ్చి, నాదే అని, తప్పు కట్టి విడిపించుకుపోతాడు. అంతదాకా అది దొడ్డివాడి చేతిలో ఉన్నా, దొడ్డివాడిది కాదు. ఆయన ఇలా చెప్పేసరికి నా మూతి తిన్నబడింది. మా మావగారి గిత్త గుర్తొచ్చింది నాకు, మా ఆయనకు చెప్పలేదు. ఆ ఏడే జరిగింది, ఆయన ఊళ్ళో లేనప్పుడు. గిత్త తాడు తెంపుకుని పగవాళ్ళ చోడిచేలో పడింది. దొడ్డిలో కట్టేశారు. మా మావగారు పంతం మనిషి. నాదని ఒప్పుకుంటే పగవాడి ముందు తల వంచినట్టవుతుందని, దొడ్డి దగ్గర నిలబడి అందరూ వింటుండగా "అది మాది కాదు" అన్నాడు. దాని నుదుటి మీద మచ్చ ఊరందరికీ తెలుసు. అయినా ఎవరూ మాట్లాడలేదు, పెద్ద మనిషి మాట అని. మావగారు ఆ దారినే పొలానికి వెళ్ళేవాడు. ఆయన అడుగుల చప్పుడు విని గిత్త దడికి మెడ ఆనించి అరిచేది. ఆయన చూసేవాడు కాదు. నేను నీళ్ళ బిందెతో ఆ పక్కగా వెళుతూ తల దించుకునేదాన్ని. నాదే అనేవాడు లేని పశువుకు దొడ్డిలో చోటు లేదు. వేలం వేశారు. మాంసం కోతకు కొనే సంతవాడు పాడుకున్నాడు. అది తోలితే కదల్లేదట, ఇంటివైపు మొహం పెట్టి నిలబడిందట.

నా పెనిమిటి చెప్పిన ఇంకో మాట ఇప్పుడు పైకి తేలుతోంది, ఇన్నేళ్ళు ఎక్కడ మునిగి ఉందో. ఆ క్యాంపులో ఒకణ్ణి తెచ్చారట, ఒంటి మీద సైన్యం బట్టల్లేవు, మెడలో పేరూ నంబరూ చెక్కిన బిళ్ళ లేదు. వాడు ఎవరో ఏమిటో తేలేదాకా మిగతావాళ్ళలాగే చూడండని అధికారి ఆర్డరు. "తెల్లారి లెగిసి, నాను సిపాయినే, నాను సిపాయినే, అని ఆ దేశపోళ్ళందర్నీ బతిమాలీవోడే. నన్నెరుగుదునని ఒక్కడు సెప్పండ్రా అనీవోడు" అన్నాడాయన. ఎవరైనా చెప్పారా అన్నాను. "నాకు ఈలోగా బదిలీ అయిపోనాది" అన్నాడు. ఆ మాట దగ్గర ఆయన గొంతు ఎందుకు తగ్గిందో అప్పుడు నేను అడగలేదు. బీడీ ఆరిపోయినా నోట్లోనే ఉంచుకున్నాడు చాలాసేపు.

మోగింది. ఈసారి నిజంగానే మోగింది. ఏదో పొడుగాటి నంబరట. భాస్కరరావుకు స్పీకరు ఎక్కడ నొక్కాలో తెలియలేదు, కృష్ణవేణి వచ్చి నొక్కింది. గాలి. గాలి అవతల ఎవరో దగ్గు. "మామ్మా." అంతే, నా మనవడి గొంతు, కానీ నేల బావిలోంచి వచ్చినట్టు. "నానున్నాను బావూ, సెప్పు, ఉన్నాను" అన్నాను. నోటితోనే అన్నాను. "తిన్నావా?" అన్నాను. ఇంతసేపూ ఏం చెప్పాలో నెమరేసుకుని, చివరికి తిన్నావా అన్నాను చూడండి. "తింటన్నాను మామ్మా. ఇక్కడ పక్కన ఒకడున్నాడు, ఇంటన్నాడు. బేగి మాటాడమన్నాడు." భాస్కరరావు వంగి, "ఒరే, కూలికొచ్చేనని..." అన్నాడో లేదో, నేను కుడిచేత్తో ఫోను లాక్కున్నాను. ఎడమ చెయ్యి కూడా కదిలినట్టుంది, మిషను కూత పెట్టింది. "ఢిల్లీ, ఇను. నీ పేరు సెప్పు. పుట్టిన తేదీ సెప్పు. నీ హోదా, నీకిచ్చిన నంబరు. సైన్యంలో సేరేనని సెప్పు. ఇంకేటీ సెప్పకు. డబ్బు మాట ఎత్తకు, ఇన్నావా, డబ్బు మాట ఎత్తకు."

అవతల గాలి ఒక్కటే. కూత. కృష్ణవేణి ఏదో నొక్కింది, కూత ఆగింది.

"సెప్పీసేను మామ్మా" అన్నాడు వాడు. "నిన్ననే ఒకాయన వచ్చి మంచిగా అడిగేడు. టీ ఇచ్చేడు. పనికొచ్చేను, డబ్బులకోసం వచ్చేను అని సెప్పీసేను. జాలి పడతాడనుకున్నాను. నాన్నా అదే సెప్తాడు కదా ఎప్పుడూ." ఎంత నెమ్మదిగా అన్నాడో, మార్కులు తక్కువ వచ్చాయని చెప్పినట్టు. నేను "నీ మెడలో బిళ్ళ ఉందా" అన్నాను, ఎందుకన్నానో నాకే తెలీదు, నా నోటితో వాళ్ళ తాతే అడిగించాడేమో. "తీసీసుకున్నారు మామ్మా. నన్ను ఏరే గదిలో..." అంతే. గాలి కూడా ఆగిపోయింది. ఫోను నల్లగా అయిపోయింది, అందులో నా మొహం కనబడింది.

మాధవీలతకు భాస్కరరావే చేశాడు. ఎన్నడూ ఆ పిల్లను పేరు పెట్టి పిలవనివాడు "తల్లీ" అన్నాడు. ఆ పిల్ల మధ్యలో ఆపకుండా అంతా వింది. తరువాత అంది: "చెప్పినంత మాత్రాన అయిపోదు మావా. సైన్యంలో చేరినవాడే అయితే ఏ మాట అన్నా కిరాయివాడు కాడు. అనుమానం ఉన్నప్పుడు, తేలేదాకా యుద్ధఖైదీగానే చూడాలి, చట్టం అదే చెప్తుంది. కానీ బిళ్ళ లేదు కాబట్టి మనం రుజువు పంపాలి. రెడ్‌క్రాసు వాళ్ళకి, మన విదేశాంగ శాఖకి, ఇవాళే. యూనిఫాంలో ఫొటో ఒకటి పంపాడన్నారు కదా మొదట్లో. అది పంపండి నాకు." భాస్కరరావు స్టూలు మీద కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. "ఫోన్లోంచి తీసీసేను తల్లీ" అన్నాడు. "సిపాయి బట్టల్లో ఫొటో ఎవుడైనా సూత్తే పిల్లోడికి సెడుపని తీసీసేను. మా ఇంటిదాని ఫోన్లో, సుట్టాల ఫోన్లల్లో, ఇంటింటికీ తిరిగి అందరిసేతా తీయించీసేను. నాగరాజు ఏనాడో తీసీసేడు." అప్పుడు వాడి మొహం చూశాను. ముసలివాడైపోయాడు నా కొడుకు. వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. చేరదీద్దామంటే చెయ్యి సూదులకు కట్టేసి ఉంది. వాడు పిల్లాణ్ణి దాచాడు, అంతే. ఎంత బాగా దాచాడంటే, వెతికేవాళ్ళకు కూడా దొరకనంత.

గదిలో అందరూ విన్నారు. స్పీకరు కదా. కృష్ణవేణి నా చేతి పట్టీ సరిచేస్తూ, తల ఎత్తకుండా, "నాకూ వచ్చింది మామ్మా ఆ ఫొటో. మావ తీసీమంటే తీసీసేను. కానీ సూసేను" అంది. పక్క మంచం మీది తిరుమలరావు, మా వీధి చివరవాడు, కళ్ళు మూసుకుని పడుకున్నాడనుకున్నాను, ఆ కళ్ళు అలాగే ఉంచి "నానూ సూసేను. బుజం మీద గుడ్డ బిళ్ళ ఉన్నాది. మనోడికి ఆ టోపీ నప్పనేదనుకున్నాను" అన్నాడు. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఫోనులో మాధవీలత, "ఎవరండీ అది? చూసినవాళ్ళు ఎంతమంది ఉంటే అంతమంది నాకు కావాలి. చూశామని ప్రమాణం చేస్తే అదీ సాక్ష్యమే" అంటోంది. సరిపోతుందా తల్లీ అని అడిగాను. "తెలీదు మామ్మగారూ" అంది. అబద్ధం చెప్పలేదు, ఆ పిల్ల మంచిది.

అందుకని మీకు చెబుతున్నాను, ఇప్పుడు నోరు తెరిచి, పైకే. ఆ ఫొటో ఎవరి ఫోనులోనైనా మిగిలి ఉంటే తుడవకండి. మిగలకపోతే, నేను చూసింది చూసినట్టు చెబుతున్నాను, పట్టుకోండి. వెనకాల రేకుల షెడ్డు. దాని మీద మంచు. ముందు మావాడు. మట్టిరంగూ ఆకురంగూ కలిసిన బట్టలు, ఎడమ భుజం మీద ఆ దేశపు జెండా గుడ్డ, మెడలో గొలుసు, గొలుసుకు రేకుబిళ్ళ, అది చొక్కా బయటికే వేలాడుతోంది. టోపీ చెవుల మీదకు జారింది. పక్కన వాళ్ళ అధికారి కాబోలు, మావాడి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, మనిషి ఎర్రగా, ముక్కు మీద గాటు. పేరు ఢిల్లీరావు. మా ఉద్దానం పిల్లాడు. భాస్కరరావు కొడుకు, సిపాయి వైకుంఠరావు మనవడు. వాళ్ళ సైన్యం వాడు, కిరాయివాడు కాడు. మా వాడు. మీరు చూడలేదు, చూశామని ప్రమాణం చెయ్యమనను. ధనమ్మ చూసింది, ఆమె నోటితో మేము విన్నాం, అని చెప్పండి. ఇలాగే, ఒక్క ముక్క పోకుండా, ఎవరు అడిగితే వాళ్ళకు. అడగకపోయినా చెప్పండి. ఇదిగో, మళ్ళీ మొదటి నుంచి చెబుతాను, వినండి. వెనకాల రేకుల షెడ్డు.